పాట కింద ఎవరి పేరు?

(మా సంస్థ వార్షిక సమావేశంలో, పాత పాటల క్యాసెట్‌ను మళ్ళీ తీసుకురావాలన్న ప్రతిపాదనపై జరిగిన చర్చలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ ఆస్తిహక్కు గురించీ, కూలి రేట్ల గురించీ, స్టేషన్లో కేసు రాయించుకోవడానికి పడుతున్న పాట్ల గురించీ మాట్లాడుకున్నాం. భోజనాలయ్యాక పాటల మీద చర్చ పెట్టారు. కాస్త సేద తీరినట్టుంటుందని నిర్వాహకులు అనుకుని ఉంటారు. కానీ నేను చెప్పబోయేది పొద్దున మాట్లాడుకున్నదానికి కొనసాగింపే. ఇది కూడా కూలి గురించే, ఆస్తి గురించే.

సారా ఉద్యమం రోజుల్లో మనం వేసిన పాటల క్యాసెట్‌ను సెల్‌ఫోన్లలో వినేలా మళ్ళీ తీసుకురావాలని చిన్నవాళ్ళు ప్రతిపాదన పెట్టారు. మంచి ఆలోచన. దాన్ని వ్యతిరేకించడానికి నేను లేవలేదు. అయితే అంతకంటే ముందు మనం చేయాల్సిన పని ఒకటి ఉంది. అదేమిటో చెప్పాలంటే మీకు ఒక అమెరికా గాయని కథ, ఆమె పాడిన ఒక రికార్డు కథ చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి. చివరికి మన ఊరికే వస్తాను.

2019లో మా అమ్మాయి పురిటికి డెట్రాయిట్ నగరం పక్కనున్న ఊరికి వెళ్ళాను. మనలో చాలామంది తల్లులు ఇప్పుడు చేస్తున్న ప్రయాణమే. కాయం, పచ్చళ్ళు, పాత మెత్తటి చీరలు పెట్టెలో సర్దుకుని వెళ్ళడం, పసిబిడ్డకు నీళ్ళుపోసి, బాలింతకు వండిపెట్టి, ఆరు నెలలకు తిరిగి రావడం. మనవరాలు రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు. దాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంటే మా అమ్మాయి చిన్నగా రికార్డు పెట్టేది. పెద్ద నల్లటి రికార్డు. మా తాతగారింట్లో గ్రామఫోను ఉన్నప్పుడు వాటిని ప్లేట్లు అనేవాళ్ళం.

"ఈ ప్లేట్లు ఇంకా దొరుకుతున్నాయా?" అని అడిగాను. దొరకడమేమిటి, మళ్ళీ మోజుగా కొంటున్నారంది. నిజమే. ఆ మరుసటి ఏడాది, అంటే 2020లో, అమెరికాలో వినైల్ రికార్డుల మీద వచ్చిన రాబడి సీడీల రాబడిని దాటిపోయింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. పాత ఆల్బమ్‌లనే బరువైన కొత్త ప్లేట్ల మీద ముద్రించి అమ్ముతున్నారు. మా అమ్మాయి దగ్గరున్నదీ అలాంటిదే. 180 గ్రాముల ప్లేటు. అరీతా ఫ్రాంక్లిన్ 1967లో పాడిన ఆల్బమ్. దాని పేరు 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ది వే ఐ లవ్ యూ'. అటూ ఇటూ కలిపి పదకొండు పాటలు. మొదటి పాట పేరు 'రెస్పెక్ట్'.

నాకు ఆ ఇంగ్లీషు ఉచ్చారణ మొదట్లో సగం కూడా అర్థం కాలేదు. ఆ గొంతు మాత్రం అర్థమైంది. కోపంగా ఉన్న మనిషి అరవకుండా, నవ్వుతూ, గుమ్మానికి అడ్డంగా నిలబడి లెక్క అడుగుతున్నట్టు ఉంది.

ఎవరీ అరీతా? 1942 మార్చి 25న మెంఫిస్‌లో పుట్టిన నల్లజాతి స్త్రీ. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లోని న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చిలో పేరుమోసిన బోధకుడు. తల్లి బార్బరా మంచి గాయని. ఆమె భర్తకు దూరంగా వెళ్ళిపోయి, 1952లో అరీతాకు పదేళ్ళు నిండకుండానే చనిపోయింది. అరీతా పన్నెండేళ్ళకే ఒక బిడ్డకు తల్లి అయింది. బాల్యవివాహాలు ఆపడానికి తిరిగే మీకు ఆ వయసుకు అర్థమేమిటో చెప్పనక్కరలేదు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. పాట, పియానో మాత్రం ఆమె చేతిలో మిగిలాయి. సోల్ సంగీతం అంటే ఇదే. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనుషుల కష్టసుఖాలు పాడటం. మన దగ్గర భజనపాట వరసలో ఉద్యమ పాట కట్టినట్టే.

1960లో ఆమె కొలంబియా అనే పెద్ద రికార్డు కంపెనీలో చేరింది. ఆరేళ్ళపాటు వాళ్ళు ఆమె చేత రకరకాల పాటలు పాడించారు. పెద్దగా గుర్తింపు రాలేదు. 1966 చివర్లో అట్లాంటిక్ కంపెనీకి మారింది. 1967 జనవరిలో అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊరికి, ఫేమ్ స్టూడియోకి రికార్డింగ్‌కు వెళ్ళింది. అది దక్షిణాది. జాతివివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం వచ్చి అప్పటికి మూడేళ్ళు కూడా కాలేదు. స్టూడియోలో వాయించేవాళ్ళంతా తెల్ల యువకులు. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. పియానో ముందు కూర్చుని ఒక్కసారి మీటేసరికి, అంతవరకూ పియానో వాయిస్తాడనుకున్న స్పూనర్ ఓల్డ్‌హామ్ తనంత తానే లేచి, పక్కనున్న ఎలక్ట్రిక్ పియానో దగ్గరికి వెళ్ళాడు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట ఆ రోజే పూర్తయింది.

ఆ రాత్రి గొడవ జరిగింది. అప్పటి ఆమె భర్త, మేనేజరు కూడా అయిన టెడ్ వైట్‌కూ, బృందంలో ఒక వాద్యకారుడికీ మాటా మాటా పెరిగింది. తర్వాత స్టూడియో యజమానికీ భర్తకూ మధ్య అది ఇంకా ముదిరింది. మగవాళ్ళ తాగుడు, మగవాళ్ళ పంతాలు. ఆగిపోయింది మాత్రం ఆమె పని. రెండో పాట సగంలో ఉండగానే రికార్డింగ్ రద్దయింది. మిగిలిన పాటలు ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో పూర్తిచేశారు. ఆ తర్వాత 1968లో టైమ్ పత్రిక ఆమె మీద ముఖచిత్ర కథనం వేస్తూ, భర్త ఆమె మీద నలుగురిలో చేయి చేసుకున్నాడని రాసింది. 1969లో వాళ్ళిద్దరూ విడాకులు తీసుకున్నారు. గౌరవం గురించి ప్రపంచమంతా చెప్పుకునే పాట పాడిన స్త్రీ ఇంట్లో పరిస్థితి అది. మన కార్యకర్తల ఇళ్ళల్లో లేదా? సభలో మైకు పట్టుకుని మాట్లాడి, ఇంటికెళ్ళి ఆలస్యమైనందుకు సంజాయిషీ చెప్పుకోవడం మనలో ఎంతమందికి తెలియదు?

ఇప్పుడు ఆ 'రెస్పెక్ట్' పాట గురించి చెప్పాలి. దాన్ని రాసింది ఓటిస్ రెడ్డింగ్ అనే గొప్ప గాయకుడు. 1965లో ఆయనే మొదట పాడాడు. ఆయన పాటలో ఒక మగవాడు కష్టపడి సంపాదించి ఇంటికొస్తాడు. డబ్బు తెస్తున్నాను కదా, ఇంటికొచ్చినప్పుడు నాకివ్వాల్సింది నాకివ్వు అంటాడు. ఇది మనం రోజూ వినే మాటే. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో అరీతా ఆ పాట పాడినప్పుడు మాటలు చాలావరకు అవే. కానీ నిలబడ్డ చోటు మారిపోయింది. ఇప్పుడు అడిగేది ఆడది. ఆమె దగ్గరా డబ్బుంది. నువ్వు తెచ్చేదాని కోసం నేను తలవంచక్కరలేదు, నాకు రావాల్సిన మర్యాద నాకివ్వు అంటోంది.

మన భాషలో మర్యాద అనే మాట చూడండి. 'మర్యాదస్థుడు' అంటే గౌరవం పొందేవాడు. 'మర్యాదగా ఉండు' అని ఆడపిల్లతో అంటే, నోరు మూసుకుని ఉండు అని. మగవాడికి అది అందుకునే వస్తువు, ఆడదానికి పాటించే నియమం. అరీతా ఆ పాటను తిరగేసిందంటే ఈ ఒక్క మాటను తిరగేసిందన్నమాట.

పాడటం ఒక్కటే ఆమె చేసిన పని కాదు. పియానో ఆమే వాయించింది. అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్ వెనక నుంచి వంత పాడారు. ఆ పాటలో అందరికీ గుర్తుండేది, రెస్పెక్ట్ అనే మాటను ఒక్కొక్క అక్షరంగా విడదీసి చెప్పడం. ఓటిస్ పాటలో అది లేదు. దాన్ని చేర్చింది అరీతా. వెనకనుంచి అక్కచెల్లెళ్ళు ఒకే మాటను తరుముతున్నట్టు మళ్ళీ మళ్ళీ అంటారే, అదీ మూలంలో లేదు. అక్కచెల్లెళ్ళ ఆలోచన. మధ్యలో కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వాయించే ఘట్టం కూడా ఓటిస్ పాటలో లేదు. పల్లెల్లో ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుని, కొత్త మాట చేర్చి, దాన్ని ఇంకోచోటికి తీసుకుపోతారు కదా. అచ్చంగా అదే పద్ధతి.

1967 జూన్‌లో ఆ పాట అమెరికా జాబితాల్లో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి హక్కుల పోరాటంలో, స్త్రీల పోరాటంలో అది నినాదమైపోయింది. అదే నెలలో మాంటెరే సంగీతోత్సవంలో ఓటిస్ స్వయంగా, ఒక అమ్మాయి ఈ పాటను నా దగ్గర్నుంచి పట్టుకుపోయిందని వేదిక మీద సరదాగా చెప్పాడు. 2021లో రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన 500 గొప్ప పాటల జాబితాలో దానికి మొదటి స్థానం ఇచ్చారు.

ఇంత చదివి, ఇంత విని, ఒక రాత్రి నేను ఆ ప్లేటును దీపం దగ్గర పెట్టుకుని మధ్యనున్న గుండ్రటి కాగితం చదివాను. ప్రతి పాట కిందా చిన్న అక్షరాల్లో బ్రాకెట్లో పేర్లుంటాయి. అవి పాట రాసినవాళ్ళ పేర్లు. 'రెస్పెక్ట్' కింద ఒకే పేరుంది, ఓటిస్ రెడ్డింగ్ అని. పదకొండు పాటల్లో నాలుగింటి కింద అరీతా పేరు రచయితగా ఉంది. ఆ నాలుగింటిలో రెండింట్లో ఆమె పక్కన భర్త పేరుంది, రెండింట్లో చెల్లెలు కరోలిన్ పేరుంది. ఆల్బమ్ నిర్మాతగా ఉన్న పేరు జెరీ వెక్స్‌లర్‌ది. పాట వరస మార్చింది, పియానోతో బృందాన్ని నడిపించింది, వంతపాట కూర్చింది అరీతా. ఆ పనికి మాత్రం ఆ అట్ట మీద పేరు లేదు. అయిదేళ్ళ తర్వాత, 1972లో వచ్చిన 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్ మీద గానీ నిర్మాతల్లో ఒకరుగా ఆమె పేరు పడలేదు.

పేరు లేకపోతే ఏం, కీర్తి వచ్చింది కదా అనవచ్చు. ఇక్కడే హక్కుల సంగతి ఉంది. ఒక రికార్డులో రెండు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే మాటలూ వరసా. రెండోది రికార్డింగ్, అంటే ఆ గొంతూ ఆ వాయిద్యాలూ. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే మొదటి ఆస్తికి డబ్బు కడతారు. రెండోదానికి కట్టరు. అంటే 1967 నుంచీ అక్కడి రేడియోలో 'రెస్పెక్ట్' ఎన్నిసార్లు వినిపించినా, రచయిత వాటా ఓటిస్ పక్షానికి వెళ్ళింది. పాడిన అరీతాకు రేడియో నుంచి ఒక్క పైసా రాలేదు. ఓటిస్ మీద నాకు కోపం లేదు. అతనూ నల్లజాతివాడే. ఆ ఏడాది డిసెంబరులోనే ఇరవై ఆరేళ్ళ వయసులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. అతని భార్యాపిల్లలకు ఆ డబ్బు చేరడం న్యాయం. నేనడిగేది ఒక్కటే. పాటను ప్రపంచానికి వినిపించిన గొంతుకు చట్టం ఎందుకు చెవిటిదైంది?

దీన్ని సరిచేయాలని ప్రయత్నాలు జరగకపోలేదు. 1995లో చేసిన చట్టం డిజిటల్ ప్రసారాల్లో గాయకులకు వాటా ఇచ్చింది. కానీ 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన రికార్డింగులు కేంద్ర చట్టం పరిధిలో లేవు. అరీతా పేరు నిలబెట్టిన పాటలన్నీ ఆ గీతకు అవతలే ఉన్నాయి. భూమి సాగుచేస్తున్నా ఫలానా తేదీకి ముందు కాగితం లేదని పట్టా నిరాకరించడం మనకు తెలిసిందే, ఇదీ అంతే. 2014లో అమెరికా కాంగ్రెసులో ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఒక బిల్లు పెట్టి, దానికి రెస్పెక్ట్ అనే పేరే వచ్చేలా అక్షరాలు కూర్చారు. అది చట్టం కాలేదు. చివరికి 2018 అక్టోబరు 11న వచ్చిన సంగీత ఆధునికీకరణ చట్టం పాత రికార్డింగులకు కూడా డిజిటల్ ప్రసారాల్లో చెల్లింపు ఉండాలంది. అరీతా ఆ ఆగస్టు 16నే డెట్రాయిట్‌లో చనిపోయింది. రెండు నెలలు కూడా తిరగలేదు. మామూలు రేడియో సంగతి ఆ చట్టం తర్వాత కూడా మారలేదు.

ఇక మళ్ళీ ముద్రించే రికార్డుల దగ్గరికి వద్దాం. ప్లేటు అమ్మితే గాయనికి వాటా రావాలి, ఒప్పందంలో అలానే ఉంటుంది. అయితే స్టూడియో ఖర్చు, వాద్యకారుల కూలి అన్నీ గాయని ఖాతాలోనే అప్పుగా రాసేవాళ్ళు. అమ్మకాల మీద ఆమెకొచ్చే కొద్దిపాటి శాతం ఆ అప్పుకే జమ అయ్యేది. ఏళ్ళు గడిచినా 'నువ్వే మాకు బాకీ' అని లెక్క చూపించేవాళ్ళు. దొర పుస్తకంలో జీతగాడి అప్పు తీరేదా? పుస్తకం దొర చేతిలో ఉన్నంతకాలం తీరదు. ఇదీ అలాంటి పుస్తకమే.

ఈ పుస్తకాన్ని తెరిపించింది ఒక స్త్రీ. పేరు రూత్ బ్రౌన్. అరీతాకంటే ముందుతరం గాయని. 1950ల్లో ఆమె పాటల అమ్మకాలతోనే అట్లాంటిక్ కంపెనీ నిలదొక్కుకుంది. 'రూత్ కట్టిన ఇల్లు' అని ఆ కంపెనీని అనేవాళ్ళు. 1960ల్లో అవకాశాలు తగ్గాక ఆ ఇల్లు కట్టిన మనిషి పిల్లల్ని పోషించుకోవడానికి ఇళ్ళల్లో పనిచేసింది, బస్సు నడిపింది. తన పాటలు మళ్ళీ అమ్ముడవుతున్నాయి, తనకు మాత్రం ఏమీ రావడం లేదు. 1980ల్లో ఒక న్యాయవాది సాయంతో లెక్కలడిగింది. తన ఒక్కదాని కోసం అడగలేదు, తనలాంటి పాత కళాకారులందరి కోసం అడిగింది. ఏళ్ళ తరబడి వెంటపడింది. 1988లో అట్లాంటిక్ కంపెనీ పాత కళాకారుల ఖాతాల్లోని బాకీలు కొట్టివేసి, రాయల్టీలు చెల్లించడానికి ఒప్పుకుంది. ఇబ్బందుల్లో ఉన్న కళాకారులను ఆదుకునే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ ఏర్పాటుకు నిధులు ఇచ్చింది. ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. సంఘంగా అడిగితే కదిలింది.

అరీతా తనదైన పద్ధతి ఒకటి పెట్టుకుంది. కచేరీకి డబ్బు ముందే, నగదుగా తన చేతికి రావాలనేది. ఆ డబ్బున్న చేతిసంచీని వేదిక మీదికి తెచ్చుకుని, పియానో మీదో, కంటికి కనబడే చోటో పెట్టుకుని పాడేది. తనకు ముందు ఎందరో నల్లజాతి కళాకారులు మోసపోవడం చూసిన మనిషి. 2015 డిసెంబరులో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ఒబామా ముందు పాడటానికి వచ్చినప్పుడు కూడా చేతిసంచీ పియానో మీద పెట్టి కూర్చుంది. కొందరు దాన్ని చాదస్తమన్నారు. సంతలో కూరగాయలమ్మే మన ఆడవాళ్ళు డబ్బు రొంటిన దోపుకుంటారు. దాన్ని మనం చాదస్తమంటామా? ఎవరినీ నమ్మలేని చోట అదే ఆమె బ్యాంకు.

మళ్ళీ ముద్రణ ఎలా చేస్తారో మా అల్లుడు నాకు వివరించాడు. భద్రపరిచిన పాత టేపు నుంచి ధ్వనిని తీసి, లక్కలాంటి పూత ఉన్న పళ్ళెం మీద సన్నటి గాడి కోస్తారు. దాన్నుంచి లోహపు అచ్చు తీస్తారు. ఆ అచ్చుతో వేడి వినైల్‌ను నొక్కితే ప్లేటు తయారవుతుంది. కొత్త ప్లేటు మీద పాత గరగరలు ఉండవు, గొంతు పక్కనే కూర్చుని పాడినట్టుంటుంది. అట్ట కూడా పాతదానిలాగే వేస్తారు. అంటే పేర్లూ పాతవే, పేర్లు లేకపోవడమూ పాతదే. అన్యాయం ఏదన్నా మొదటి ముద్రణలో ఉంటే, అది కూడా గరగరలు లేకుండా, మరింత స్పష్టంగా మళ్ళీ అచ్చవుతుంది.

ఆ రాత్రి ఆ కాగితం చదువుతూ కూర్చున్నప్పుడు నాకు మన క్యాసెట్ గుర్తొచ్చింది. ఇక మన ఊరికి వస్తున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం ఎలా పాకిందో ఇక్కడ పెద్దవాళ్ళందరికీ తెలుసు. అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా ప్యాకెట్ల దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఆ రోజుల్లో మేం తిరిగిన ఒక పల్లెలో ఒక పెద్దామె ఉండేది. వడ్లు దంచే పాట వరసలో సారా మీద చరణాలు కట్టేది. ఆమె ఎత్తుకుంటే పక్కనున్న అయిదారుగురు అందుకునేవాళ్ళు. ఒక్కో ఊరికి వెళ్ళినప్పుడు ఆ ఊరి దుకాణందారు సంగతి కలిపి కొత్త చరణం చేర్చేది. మేం వాళ్ళను పట్నం తీసుకొచ్చి, ఒక గది అద్దెకు తీసుకుని, ఆ పాటలు రికార్డు చేయించాం. బస్సు చార్జీలిచ్చాం. భోజనం పెట్టాం. తలో చీర ఇచ్చాం. ఆ మూడు రోజులూ వాళ్ళు పోగొట్టుకున్న కూలి సంగతి ఎవరమూ ఎత్తలేదు.

క్యాసెట్ అట్ట మీద ఏం వేశామో ఈ మధ్య తీసి చూశాను. సాహిత్యం: జానపదం. గానం: బృందం. హార్మోనియం వాయించినాయన పేరుంది. తబలా వాయించినాయన పేరుంది. సేకరణ అని నా పేరుంది.

క్యాసెట్ పట్టుకుని ఆ ఊరు వెళితే పెద్దామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందమ్మా, ఇందులో నా పేరు యాడుందో చూపీమ్మా" అంది. అప్పటికి ఆమె తన పేరు రాయడం నేర్చుకుంది. అట్ట మీద తన పేరు వెతుక్కుందామనుకుంది. నేనేమన్నానో తెలుసా? "ఉద్యమం అందరిదీ పెద్దమ్మా, ఇందులో ఒకరి పేరెందుకు?" అన్నాను. అప్పుడు నాకు అది చాలా గొప్ప సిద్ధాంతంలా అనిపించింది. ఆమె ఇంకేమీ అనలేదు. క్యాసెట్ చీర కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళింది. ఒకరి పేరెందుకన్న నా పేరు అదే అట్ట మీద ఉందని ఆమె ఎత్తిచూపలేదు. ఆమె చదవలేదని కాదు, చదవగలిగింది. మర్యాద పాటించింది.

ఆమె ఇప్పుడు లేదు. కూతురుంది, ఆ ఊళ్ళోనే ఉంది. మిగతా పాడినవాళ్ళలో ముగ్గురున్నారు.

పాటకు యజమాని ఉండటమేమిటి, ఉద్యమ పాట అందరూ పాడుకోవాలి కదా అని ఇక్కడే ఎవరో అంటారు. పాడుకోనివ్వండి. పేరు రాస్తే పాట ఆగిపోదు. 'రెస్పెక్ట్' కింద ఓటిస్ పేరుంది కాబట్టి దాన్ని ఎవరూ పాడటం మానేయలేదు. పేరు లేనప్పుడు మాత్రం ఒకటి జరుగుతుంది. పాట దొరికినవాడిదవుతుంది. 'జానపదం' అని రాసిన పాటను ఎవరో సినిమాలో పెట్టుకుంటే, కట్టినామె కూతురు టీవీలో చూస్తూ కూర్చుంటుంది.

చట్టం కూడా మనకు పూర్తిగా ఎదురు లేదు. మన దేశంలో 1994 కాపీరైటు సవరణ పాడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు, ఆడేవాళ్ళకు తమ ప్రదర్శన మీద హక్కు ఉంటుందని మొదటిసారి గుర్తించింది. 2012 సవరణ, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడితే వాళ్ళకు రాయల్టీ రావాలంది. రొంటిన డబ్బు దోపుకునే మన పెద్దామెకు ఈ సంగతి చెప్పేవాళ్ళెవరు? మనం చెప్పాలి. చెప్పాల్సిన మనమే క్యాసెట్ అట్ట మీద 'బృందం' అని వేశాం.

అందుకని నా సవరణ ఇది. క్యాసెట్‌ను మళ్ళీ తీసుకురావడానికి ముందు ఇద్దరు కార్యకర్తలు ఆ ఊరు వెళ్ళాలి. ఉన్న ముగ్గురినీ, లేనివాళ్ళ కుటుంబాలనూ కలిసి, వాళ్ళ అనుమతి అడగాలి. పాడిన ప్రతి స్త్రీ పేరూ, ఊరూ రాయాలి. పేరు వద్దన్నవాళ్ళది వేయకూడదు. ఏ చరణం ఎవరు కట్టారో అడిగి, జానపదం అన్నచోట ఆ పేరు రాయాలి. వచ్చే డబ్బు ఎంత తక్కువైనా, లెక్క ఒక పుస్తకంలో రాసి, ఏడాదికోసారి వాళ్ళకు చదివి వినిపించి, వాటా ఇవ్వాలి. లేనివాళ్ళ వాటా కొడుకులకే వెళ్ళకుండా కూతుళ్ళకు కూడా చేరేలా చూడాలి. ఆ పుస్తకం మన దగ్గర ఒక ప్రతి, వాళ్ళ దగ్గర ఒక ప్రతి ఉండాలి. సేకరణ అన్నచోట నా పేరు తీసేయండి. ఉంచాలనుకుంటే అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉంచండి.

ఆ ఊరు వెళ్ళే ఇద్దరిలో ఒకరిగా నన్ను వేయండి. ఆ పెద్దామె కూతురి ముందు కూర్చుని నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది.

ఈ సవరణను సభ ముందు పెడుతున్నాను. సెలవు.